మెదడులో నీటి తిత్తి గడ్డ: ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక ఏం చూడాలి, ఎప్పుడు బయల్దేరాలి

"గడ్డ తీసేశామన్నారు కదా, మళ్లీ తలనొప్పి ఎందుకు?" "నీరు తోడేశారు, మూడు నెలలకే మళ్లీ నిండిందట. ఎందుకలా?" "మా ఊళ్లో ఎవరికి చూపించాలి, విశాఖ దాకా పోవాలా?" ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట వరకు, తలకు ఆపరేషన్ చేయించుకొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇవే ప్రశ్నలు. వీటికి డిశ్చార్జి కాగితంలో జవాబు ఉండదు. అందుకే ఇంట్లో వాళ్లు చేయాల్సిన పని మొత్తం ఇక్కడ రాస్తున్నాం. మోతాదుల విషయంలో మాత్రం మీ సర్జన్ రాసిందే లెక్క. ఇక్కడి అంకెలు దాన్ని అర్థం చేసుకోవడానికే.

ముందు ఒక్క సంగతి. ఈ గడ్డల్లో చాలావాటికి రెండు భాగాలుంటాయి: గట్టి కండ, దాని పక్కన ద్రవం నిండిన తిత్తి. ద్రవాన్ని ఊరించేది ఆ కండే. పిల్లల చిన్నమెదడులో వచ్చే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, పెద్దవాళ్లకు అదే చోట వచ్చే హీమాంజియోబ్లాస్టోమా ఇలాంటివి. వీటిలో కండ శనగగింజంతే ఉండొచ్చు, తిత్తి నిమ్మకాయంత ఉండొచ్చు. కండ పూర్తిగా తీస్తే తిత్తి సాధారణంగా దానంతటదే కుంగిపోతుంది. కండ వదిలేసి నీరు మాత్రం తోడితే ఉపశమనం కొన్నాళ్లే. మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి పిట్యూటరీ దగ్గర పుట్టే క్రేనియోఫారింజియోమా మొండిది: తిత్తి గోడే ద్రవాన్ని ఊరిస్తుంది, చూపు నరాలకూ హార్మోన్ల గ్రంథికీ అతుక్కుని ఉంటుంది కాబట్టి అంతా తీయడం చాలాసార్లు కుదరదు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లోనూ, ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో పాకిన గడ్డల్లోనూ మధ్యభాగం కుళ్లి నీరవుతుంది.

గట్టి గడ్డ పెరగడానికి నెలలు పడుతుంది. తిత్తి అలా కాదు, రోజుల్లో నిండగలదు, లోపల రక్తం కారితే గంటల్లో ఉబ్బగలదు. నిన్న బాగున్న మనిషి ఇవాళ మగతగా పడుకోవడం ఈ రోగంలో నిజంగా జరుగుతుంది. కాబట్టి మీ పనల్లా మార్పును మొదటి రోజే పట్టుకోవడం.

దగ్గర ఉంచుకోవలసినవి

- గీతల నోట్‌బుక్కు ఒకటి, దారం కట్టిన పెన్ను.
- డిజిటల్ థర్మామీటరు.
- స్టెరాయిడ్ మాత్రలు నడుస్తుంటే గ్లూకోమీటరు, స్ట్రిప్పులు.
- గడ్డ పిట్యూటరీ దగ్గరదైతే మూత్రం కొలవడానికి గీతలున్న లీటరు మగ్గు.
- ఫిట్స్ వచ్చే మనిషైతే డాక్టరు రాసిన మిడజోలం ముక్కు స్ప్రే. బరువును బట్టి ఎన్ని పఫ్‌లో డాక్టరు చేత డబ్బా మీద పెద్ద అంకెల్లో రాయించండి.
- ఒక ప్లాస్టిక్ ఫైలు: డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, స్కాన్ల సీడీలు, షంట్ (తలలోని ద్రవాన్ని పొట్టలోకి దించే గొట్టం) ఉంటే దాని కార్డు, రేషన్ కార్డు, ఆధార్.
- ఇంట్లో అందరి ఫోన్లలో న్యూరోసర్జరీ వార్డు నంబరు. 108 ఎలాగూ గుర్తుంటుంది.

1. డిశ్చార్జి రోజు: ఆసుపత్రి గుమ్మం దాటకముందే అడగాల్సినవి

బిల్లు, బండి హడావుడిలో ఇది జారిపోతుంది. ఒక మనిషిని దీనికే కేటాయించండి. డాక్టరుగారిని అడిగి నోట్‌బుక్కులో రాసుకోవాల్సినవి ఇవి: కండ పూర్తిగా వచ్చిందా, కొంత మిగిలిందా, నీరు మాత్రమే తీశారా? లోపల షంట్ గానీ, చర్మం కింద ఓమాయా రిజర్వాయరు అనే చిన్న బుడిపె గానీ పెట్టారా? స్టెరాయిడ్ ఏ తేదీన ఎంత తగ్గించాలి, ఏ తేదీకి ఆపాలి? కుట్లు ఎప్పుడు? మొదటి ఎంఆర్‌ఐ ఎప్పుడు?

ఫిల్ములు ఇచ్చారు కదా అని సీడీ వదిలేయకండి. రేపు ఇంకో ఆసుపత్రిలో తిత్తి పెరిగిందో లేదో కొలవాలంటే సీడీయే కావాలి. బయాప్సీ ఫలితం రావడానికి వారం పది రోజులు పడుతుంది. దానికోసం ఎవరు వెళ్తారో ఆ రోజే అనుకోండి. ఆ కాగితం తెచ్చుకోక, గడ్డ పేరే తెలియకుండా ఏడాది గడిపేసే కుటుంబాలు చాలా ఉంటాయి. రేడియేషన్‌కు వేరే చోటికి వెళ్లాల్సి వస్తే గడ్డ ముక్కలు దాచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు కూడా అడుగుతారు.

హీమాంజియోబ్లాస్టోమా అని తేలితే ఇంకొకటి అడగండి: కళ్లు, కిడ్నీలు, వాటి పైనుండే అడ్రినల్ గ్రంథులు చూపించాలా? కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. అప్పుడు తోబుట్టువులకూ పరీక్షలు అవసరమవుతాయి.

2. మొదటి వారం: మీ మనిషి మామూలు స్థితి ఏమిటో రాసి పెట్టండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. మామూలు స్థితి రాసి ఉంటేనే మార్పు కనిపిస్తుంది. రోజూ ఉదయం లేచిన అరగంటలో, ఒకే మనిషి, ఐదు నిమిషాలు చూస్తే చాలు.

తలనొప్పి సున్నా నుంచి పదిలో ఎంత? ఏ వారం, ఏ ఊరు, ఎదురుగా ఉన్నది ఎవరు? గచ్చు గీత మీద పది అడుగులు వేయిస్తే ఏ పక్కకు తూలారు? రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకుంటే ఏ చెయ్యి కిందికి జారింది? ఒక కన్ను మూసి గోడ క్యాలెండరులో అంకెలు, అదే దూరం నుంచి రెండో కన్నుతో అంకెలు. వాంతులు ఎన్ని? జ్వరం ఎంత?

రెండు కళ్లూ తెరిచి చదివించి చూపు బాగుందని రాయడం పొరపాటు. ఒక కన్ను పోతున్నా రెండో కన్ను నెట్టుకొస్తుంది, మనిషికే తెలియదు. క్రేనియోఫారింజియోమాలో చూపు ముందు రెండు పక్కల నుంచి తగ్గుతుంది. ఎదురుగా కూర్చుని మీ ముక్కును చూడమని చెప్పి, మీ చేతివేళ్లు పక్కల నుంచి మెల్లగా లోపలికి తెస్తూ ఎక్కడ కనిపించాయో అడగండి.

చంటిబిడ్డయితే నడితల మీది మెత్తటి చోటు ఉబ్బిందా అని చూడండి. వారానికోసారి టేపుతో తల చుట్టుకొలత రాయండి. కళ్లు కిందికి దిగిపోయి పైన తెల్లగుడ్డు కనిపిస్తుంటే ఆ రోజే ఆసుపత్రికి.

చిన్నమెదడు ఆపరేషన్ అయిన పిల్లలు కొందరు ఒకటి రెండు రోజులు మాట్లాడి, తర్వాత పూర్తిగా మూగవోతారు. ఏడుపు తప్ప మాట ఉండదు. గాలి సోకిందనో, మత్తుమందు వికటించిందనో భయపడకండి. ఇది తెలిసిన సమస్యే. మాట వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుంది. కొందరిలో కొంత ముద్దతనం మిగలొచ్చు. ఈలోగా మింగడం సరిగా ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. పలచటి నీళ్లకు పొరబోతుంటే చిక్కటి చోడి అంబలి, మెత్తగా కలిపిన పప్పన్నం నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పెట్టండి. దగ్గు ఆగకపోతే ఆపేసి వార్డుకు ఫోన్ చేయండి.

3. మాత్రలు: తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే

డెక్సామెథసోన్ మెదడు వాపును తగ్గించే స్టెరాయిడ్. మెడికల్ షాపులో ఇది 0.5 మిల్లీగ్రాములదీ, 4 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది. రెంటికీ ఎనిమిది రెట్లు తేడా. కొనగానే స్ట్రిప్పు మీది అంకెను కాగితంతో పోల్చి చూడండి. మాత్ర తిన్నాక వేసుకోవాలి. రోజుకు రెండుసార్లే అయితే ఉదయం, మధ్యాహ్నం అని రాయించుకోండి. సాయంత్రం వేస్తే రాత్రంతా నిద్రపట్టదు. కడుపు మంట మాత్ర ఖాళీ కడుపున, టిఫినుకు అరగంట ముందు.

రెండు రకాల పొరపాట్లు చూస్తాం. మొదటిది, మాత్రలు అయిపోయాయి కదా అని ఒక్కసారిగా ఆపేయడం. వాపు తిరగబెడుతుంది. కొన్ని వారాలుగా వాడుతున్నవారికైతే శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేయడం మానేసి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రెండోది, ఆపమని ఎవరూ చెప్పలేదని నెలల తరబడి వాడేయడం. మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, తొడల్లో కండ కరిగిపోయి పీట మీంచి చేతులు ఆన్చకుండా లేవలేరు. ఈ నీరసాన్ని గడ్డ తిరిగొచ్చిందనుకుని కంగారుపడతారు. వారానికోసారి చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమనండి. లేవలేకపోతే డాక్టరుకు చెప్పండి. షుగరు వ్యాధి లేకపోయినా వారానికి రెండుసార్లు మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు చూడండి. 200 దాటితే ఫోన్ చేయండి.

ఫిట్స్ మాత్రల్లో ఎక్కువగా రాసేవి లెవెటిరాసెటమ్, ఫెనిటాయిన్. ఫెనిటాయిన్ మోతాదు కొంచెం మించితే మనిషి తూలుతాడు, కళ్లు ఊగుతాయి, మాట ముద్దవుతుంది. చిన్నమెదడు గడ్డ తిరగబెట్టినా ఇవే లక్షణాలు! స్కానుతో పాటు రక్తంలో ఫెనిటాయిన్ ఎంతుందో కూడా చూడమని అడగండి. ఒక్కోసారి మోతాదు సరిచేయగానే తూలుడు పోతుంది. కంపెనీ మార్చి కొనకండి. ఒళ్లంతా దద్దురు వస్తే ఆ రోజే చెప్పాలి. లెవెటిరాసెటమ్ కొందరిలో విపరీతమైన కోపం, దిగులు తెస్తుంది. అది మాత్ర వల్ల అని తెలియక ఇంట్లో గొడవలవుతాయి. మీరే ఆపకండి, మార్పించండి.

ఉద్దానం వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు బయటికి తెలియకుండానే ఉండొచ్చు. లెవెటిరాసెటమ్ కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, కిడ్నీ బలహీనమైతే మోతాదు తగ్గించాలి. మెదడు వాపుకు ఎక్కించే మానిటాల్ కూడా కిడ్నీలను దెబ్బతీయగలదు. ఎక్కడ చేర్చినా ముందు "క్రియాటినిన్ చూడండి, మాది ఉద్దానం" అని చెప్పండి. క్రియాటినిన్ అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష.

తలనొప్పికి పారాసిటమాల్ చాలు. పెద్దవాళ్లు 650 మిల్లీగ్రాములది రోజుకు నాలుగు మించకూడదు. డైక్లోఫెనాక్ సూది స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు, కిడ్నీకీ చేటు. ట్రమడాల్ ఫిట్స్ తెప్పించగలదు. ఓఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్ మందులతోనూ ఆ ముప్పుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు సూది పట్టుకునేలోపే ఈ మూడు పేర్లూ చూపించండి, నోట్‌బుక్కు అట్ట మీద రాసి ఉంచండి.

4. కుట్టు, కారే నీరు

కుట్లు సాధారణంగా 7 నుంచి 10 రోజులకు తీస్తారు. అప్పటిదాకా పసుపు, కొబ్బరినూనె, ఆముదం, బూడిద ఏదీ పెట్టకండి. కుట్టు మీద చెక్కు కట్టినా గోకనివ్వకండి. తువ్వాలు, దిండు గలీబు రోజూ ఎండలో వేసినవి వాడండి.

కుట్టు లోంచి గానీ, ముక్కులోంచి గానీ నీళ్లలా తేటగా చుక్కలు కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. పొద్దున దిండు తడిసి ఉందా, ముందుకు వంగితే ముక్కు ఒక పక్కనుంచే కారుతోందా, గొంతులోకి ఉప్పగా దిగుతోందా చూడండి. జలుబు చిక్కగా, రెండు పక్కలా ఉంటుంది. అనుమానమొస్తే తల కొంచెం ఎత్తులో ఉంచి, ముక్కు చీదకుండా, ముక్కకుండా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ముక్కులో దూది కుక్కకండి. కారే దారి గుండానే క్రిములు లోపలికి వెళ్లి మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, వస్తుంది.

కుట్టు కింద మెత్తగా నీటి బుగ్గలా ఉబ్బితే, జ్వరం, ఎరుపు లేకుంటే, ఫోన్ చేసి ఒకటి రెండు రోజుల్లో చూపించొచ్చు. ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటే ఆగకూడదు. సూదితో మీ ఊళ్లో తీయించకండి.

జ్వరం, మెడ బిగుసుకోవడం, వెలుగు చూడలేకపోవడం: ఇది క్రిముల వల్ల రావచ్చు. తిత్తి పగిలి లోపలి జిడ్డు ద్రవం ఒలికినా వస్తుంది, క్రేనియోఫారింజియోమాలోనూ ఎపిడెర్మాయిడ్ తిత్తిలోనూ ఇలా జరుగుతుంది. రెండింటికీ చికిత్స వేరు. ఇంట్లో తేల్చుకునేది కాదు.

5. ఏ గుర్తుకు ఎంత వేగంగా కదలాలి

వెంటనే 108: లేపినా సరిగా లేవకపోవడం. ఫిట్స్ 5 నిమిషాలు దాటడం, లేదా ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి రావడం. జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం. ఒక కంటిపాప రెండో దానికంటే పెద్దదవడం. చూపు గంటల్లో పడిపోవడం. ఒక పక్క కాలు చెయ్యి కొత్తగా చచ్చుబడటం. ఆయాసంతో పాటు ఒక పిక్క వాచి ఉండటం, ఎందుకంటే కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోయి ఉండొచ్చు.

అదే రోజు: తెల్లవారుజామున నిద్రలేపే తలనొప్పి, వాంతి అయ్యాక కాస్త తగ్గి మళ్లీ మర్నాడు అదే వేళకు రావడం. మామూలు కంటే ఎక్కువ నిద్ర. నడక ముందు రోజుకంటే తూలడం. పిల్లలు మెడ ఒక పక్కకు వంచి ఉంచడం. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం.

ఇందులో అందరూ తేలిగ్గా తీసుకునేది నిద్ర. "పాపం, అలిసిపోయాడు, పడుకోనీ" అంటారు. రెండు గంటలకోసారి లేపి పేరు అడగండి. జవాబుకు ముందు రోజుకంటే ఎక్కువసేపు తీసుకుంటే అది అలసట కాదు.

వారంలోపు చెప్పాల్సినవి: మలబద్ధకం, ఆకలి మరీ పెరగడం, మనస్తత్వంలో మార్పు, నోట్లో తెల్లపూత. మలబద్ధకం చిన్నదే గానీ ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఇసబ్‌గోల్ రాయించుకోండి.

ఆపరేషన్ చేయకుండా గమనిస్తున్న కొల్లాయిడ్ తిత్తి (మెదడులోని ద్రవపు గదిలో పుట్టేది) ఉంటే ఈ జాబితా ఇంకా కఠినంగా పాటించండి. సెంటీమీటరు పైచిలుకు తిత్తే ద్రవం దారికి అడ్డుపడి కొన్ని గంటల్లో ప్రాణం తీయగలదు.

6. ఫిట్స్ వచ్చినప్పుడు

గడియారం చూడండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మడిచిన తువ్వాలు, మెడ గుండీ వదులు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, నీళ్లు, మాత్ర ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ, చెప్పు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. చాలావాటికి ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగే గుణం ఉంది కాబట్టి తాళాలే ఆపాయనిపిస్తుంది. 5 నిమిషాలు దాటితే మిడజోలం స్ప్రే, సగం పఫ్‌లు ఒక ముక్కులో, సగం రెండో ముక్కులో. 108 కి అప్పటికే ఫోన్ చేసి ఉండాలి. వీలైతే ఫోన్‌లో అరనిమిషం వీడియో తీయండి. ఏ చేయి మొదట కొట్టుకుందో, కళ్లు ఎటు తిరిగాయో డాక్టరుకు చెప్పడానికి అది వంద మాటల పెట్టు.

7. ప్రయాణం

శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60 లోపే. ఇచ్ఛాపురం వాళ్లకు విశాఖ 200 పైమాటే, బరంపురం మాత్రం పాతిక కిలోమీటర్ల దూరమే. కాబట్టి ఎటు వెళ్లాలో ఆపద రాకముందే అనుకోండి. మా సలహా ఇది: మనిషి తెలివిలో ఉండి మాట్లాడుతుంటే నేరుగా న్యూరోసర్జన్ ఉన్న చోటికే వెళ్లండి, మొదట ఆపరేషన్ చేసిన ఆసుపత్రైతే మరీ మంచిది. తెలివి తప్పినా, ఫిట్స్ ఆగకపోయినా ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రిలో ఊపిరి నిలబెట్టి, సీటీ తీయించి, అక్కడి నుంచే విశాఖ వార్డుకు ఫోన్ చేయించి బయల్దేరండి. సీటీ ఐదు నిమిషాల పని. వెన్నులో నీరు తీస్తామని ఎవరైనా అంటే, సీటీ అయ్యాకే అని అడ్డుపడండి. తలలో ఒత్తిడి ఎక్కువున్నప్పుడు వెన్నునీరు తీయడం ప్రమాదం.

బండిలో తలవైపు 30 డిగ్రీలు ఎత్తు, మెడ నిటారుగా. తెలివి సరిగా లేకపోతే పక్కకు తిప్పి. నోటికి ఏమీ ఇవ్వొద్దు, తరవాణి గానీ కొబ్బరినీళ్లు గానీ వద్దు. ఆపరేషన్ చేయాల్సి వస్తే ఖాళీ కడుపు కావాలి. దారిలో ఎక్కడో ఆగి "ఒక గ్లూకోజు బాటిలు" పెట్టించే అలవాటు మనకుంది. మెదడు వాపులో ఆ గ్లూకోజు నీరు వాపును పెంచుతుంది. సెలైన్ ఎక్కించాల్సి వస్తే నార్మల్ సెలైన్ అని అడగండి. ఫిట్స్ ఆపడానికి తప్ప మత్తు సూది వేయించొద్దు, తర్వాత మగత ఎందువల్లో ఎవరికీ తెలియదు.

పైడితల్లి సిరిమాను రోజుల్లో విజయనగరం ఊరి లోపలి రోడ్లు మూసుకుపోతాయి. బైపాస్ మీదుగానే వెళ్లమని డ్రైవరుకు ముందే చెప్పండి. రైలు అనుకుంటే, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది. అత్యవసరానికి రైలు వద్దు, ఫాలోఅప్‌కు బాగుంటుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అనే పథకం కింద చేరాలంటే ఆసుపత్రి ఆ జాబితాలో ఉండాలి. 104 కి ఫోన్ చేసి ముందే తెలుసుకోండి. అత్యవసరంలో ముందు చేర్చుకుని తర్వాత అనుమతి తెచ్చుకునే దారి ఉంది. కార్డు తీసుకురావడానికి మనిషిని వెనక్కి పంపండి గానీ, కార్డు కోసం బండి ఆపకండి.

8. పిట్యూటరీ దగ్గర గడ్డయితే: నీళ్ల లెక్క, స్టెరాయిడ్ లెక్క

ఈ మెట్టు క్రేనియోఫారింజియోమా కుటుంబాలకే, కానీ వాళ్లకు ప్రాణాధారం. నీటిని పట్టి ఉంచే హార్మోను దెబ్బతింటే మూత్రం కుళాయి నీళ్లలా తెల్లగా, లెక్కలేకుండా పోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 3 లీటర్లు దాటినా, గంటకు 250 మిల్లీలీటర్ల పైన వరసగా రెండు గంటలు వచ్చినా ఫోన్ చేయండి. దాహం వేస్తే నీళ్లివ్వడం ఆపకండి. షుగరు వ్యాధి వల్ల కూడా మూత్రం ఎక్కువ పోతుంది కాబట్టి గ్లూకోమీటరుతో ఒకసారి చూడండి.

దీనికి ఇచ్చే డెస్మోప్రెసిన్ ముక్కు స్ప్రే ఒక పఫ్‌లో 10 మైక్రోగ్రాములు, లేదా మాత్ర 0.1 మిల్లీగ్రాములు. మందు పనిచేస్తుంటే మూత్రం తగ్గుతుంది, పసుపురంగు వస్తుంది. అప్పుడు అలవాటుకొద్దీ బిందెలు తాగిస్తే సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. తర్వాతి మోతాదు వేయబోయే ముందు మూత్రం మళ్లీ తెల్లబడుతోందా అని చూసి వేయడం మంచి అలవాటు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. మొదటి నెలలో ఎన్నిసార్లు పరీక్ష చేయించాలో డాక్టరు చేత తేదీలు వేయించండి. స్ప్రే ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో డబ్బా మీద ఉంటుంది.

హైడ్రోకార్టిసోన్ వాడుతున్నవాళ్లు జ్వరమొస్తే ఆ రోజులకు మోతాదు రెట్టింపో మూడింతలో చేయాలి, ఎంతో ముందే రాయించుకోండి. వాంతులతో మాత్ర నిలవకపోతే సూది మందుగా ఇవ్వాల్సిందే. పెద్దవాళ్లకు 100 మిల్లీగ్రాములు. ఆ వయల్ ఇంట్లోనే ఉంచండి, దగ్గర్లోని పీహెచ్‌సీ నర్సమ్మకు చీటీ చూపించి ముందే చెప్పి పెట్టండి. జీవితాంతం వాడాల్సిన మందు ఇది. ఉపవాసం రోజైనా మానకూడదు.

9. షంట్, రిజర్వాయరు ఉన్నవాళ్లు

చర్మం కింద బుడిపెను నొక్కి చూడటం, అక్కడ బరువైన తలపాగా కట్టడం వద్దు. రిజర్వాయరు నుంచి నీరు తీసేది న్యూరోసర్జరీ వాళ్లే, శుభ్రమైన గదిలోనే. షంట్ పూడితే తలనొప్పి, వాంతి, మగత. క్రిములు పడితే జ్వరం, గొట్టం వెంట ఎర్రటి చార, కడుపునొప్పి. అపెండిక్స్ అని పొట్ట ఆపరేషన్‌కు తయారైతే షంట్ ఉందన్న సంగతి గట్టిగా చెప్పండి. బయటి నుంచే అమరిక మార్చగలిగే ప్రోగ్రామబుల్ షంట్ అయితే ఎంఆర్‌ఐ అయస్కాంతం దాని అమరికను మార్చేయగలదు. స్కాన్ అయ్యాక అమరిక చూపించుకునే ఇంటికి రండి.

10. రేడియేషన్ సమయంలో

క్రేనియోఫారింజియోమాకు సాధారణంగా 54 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 30 భాగాలుగా. గ్లయోబ్లాస్టోమాకు 60 గ్రే, 30 భాగాలుగా, వెంట టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మందు గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్). వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు రోజూ తిరగకుండా అక్కడే గది చూసుకోవడం మంచిది. ఆ అలసటతో ప్రయాణం మనిషిని కుంగదీస్తుంది.

రేడియేషన్ నడుస్తుండగానే తిత్తి ఉబ్బొచ్చు. అది చికిత్స విఫలమైనట్టు కాదు, కానీ ఉబ్బిన తిత్తి కిరణాలు గురిపెట్టిన హద్దు దాటిపోతుంది, చూపునూ నొక్కుతుంది. మధ్యలో స్కాన్ ఎప్పుడు తీస్తారని మొదటి రోజే అడగండి, రెండో మెట్టులోని కంటి పరీక్ష ఈ ఆరు వారాలూ రోజూ చేయండి. టెమోజోలమైడ్ ఖాళీ కడుపున, రాత్రి వేళ, క్యాప్సూల్ విప్పకుండా. వారం వారం రక్తకణాల పరీక్ష తప్పించకూడదు.

11. ఎంఆర్‌ఐ ఫలితం ఎలా చూసుకోవాలి

రిపోర్టు చేతికి రాగానే "తిత్తి ఉంది" అన్న మాట చూసి కుప్పకూలిపోతారు. ఆపరేషన్ చేసిన చోట గుంతలో నీరు నిలవడం మామూలే. మూడు విషయాలు పాత స్కానుతో పక్కపక్కన పెట్టి అడగండి: తిత్తి కొలతలు మూడు వైపులా ఎంత? కాంట్రాస్టు (స్కాన్‌లో గడ్డ వెలిగేలా నరంలోకి ఇచ్చే మందు) ఇచ్చాక వెలిగే కండ ముక్క ఉందా, పెరిగిందా? మెదడులోని ద్రవపు గదులు పెద్దవయ్యాయా? నీరు ఉండి, కండ లేకుండా, గదులు మామూలుగా ఉంటే చాలాసార్లు ఎదురుచూడొచ్చు. కండ పెరుగుతుంటే, నీరు తక్కువున్నా మాట్లాడాల్సిందే. వీలైతే ప్రతిసారీ అదే సెంటరులో తీయించండి. కాంట్రాస్టుకు ముందు క్రియాటినిన్ చేయించండి. దాన్నిబట్టి లెక్కగట్టే కిడ్నీ పనితీరు అంకె ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువుంటే రేడియాలజిస్టుతో ముందే మాట్లాడాలి.

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లకు: రిపోర్టులో ఉంగరంలా వెలిగే తిత్తి అని ఉంటే అది గడ్డే అని తీర్మానించుకోకండి. బద్దెపురుగు పిల్ల మెదడులో గూడు కట్టినా, చీము గడ్డయినా, క్షయ గడ్డయినా అలాగే కనిపించొచ్చు. అలాగని పురుగు మందు అల్బెండజోల్ సొంతంగా వేసుకోవద్దు. పురుగు చచ్చేటప్పుడు వాపు లేచి ఫిట్స్ వస్తాయి. అందుకే దాన్ని స్టెరాయిడ్ రక్షణలో ఇస్తారు.

12. పనిలోకి దిగడం

ఫిట్స్ వచ్చిన మనిషి డాక్టరు సరే అనేదాకా బండి నడపకూడదు, కొబ్బరిచెట్టు ఎక్కకూడదు, చెరువులో ఒంటరిగా దిగకూడదు, వేటకు పడవెక్కకూడదు. స్నానాల గది గడియ వేసుకోవద్దు. కట్టెల పొయ్యి దగ్గర ఇంకొకరు ఉండాలి. చెన్నైకో హైదరాబాదుకో వలస పనికి తిరిగి వెళ్లేవాళ్లు మూడు నెలల ఫిట్స్ మాత్రలు, సీడీల కాపీ ఫోన్‌లో, గడ్డ పేరు రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. చీటీ మీద నాలుగు వరుసలు చాలు: గడ్డ పేరు, ఆపరేషన్ తేదీ, షంట్ ఉందో లేదో, వాడే మందులు మోతాదులతో.